దాత బతికిన తర్వాత

డాక్టర్ విశాలాక్షి కళ్ళు తెరిచారన్న కబురు మధ్యాహ్నం పన్నెండున్నరకి తెలిసింది. విశాఖపట్నంలో ఆవిడ ముప్పై ఏళ్ళు పనిచేసిన పిల్లల ఆసుపత్రిలో ఆ పూట ఎవరూ సరిగ్గా భోజనానికి కూర్చోలేదు. నర్సులు ఒకరినొకరు కావలించుకున్నారు. క్యాంటీన్ వాళ్ళు కేసరి చేసి అందరికీ పంచారు.

కొండ మీది ప్రయోగశాలలో ఉన్న త్రినాథ్‌కి ఆ మాట భార్య వాగ్దేవి ఫోన్‌లో చెప్పింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"మేడమ్ బతికారు త్రినాథ్! కొత్త కాలేయం పనిచేస్తోందట. నన్ను పేరు పెట్టి పిలిచారు. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. మంచిది," అన్నాడు త్రినాథ్.

ఫోన్ పెట్టేసి బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. విశాలాక్షి అంటే అతనికీ ప్రాణమే. కానీ ఆవిడ బతకడం వల్ల తన ఇంటికి ఏం రాబోతోందో ఆ క్షణంలో ఊరు మొత్తమ్మీద అతనొక్కడికే తెలుసు.

త్రినాథ్ కనిపెట్టిన యంత్రం పేరు వారధి. ఒక మనిషిలోని నేర్పుని అది ఇంకొకరికి అందిస్తుంది. నకలు తీసి ఇవ్వడం కాదు. మెదడులో ఆ నేర్పు ఏయే దారుల్లో అల్లుకుని ఉందో ఒక్కొక్కటే చదువుతుంది. చదివిన దారి చదివినట్టే తెగిపోతుంది. పుచ్చుకున్నవాళ్ళకి అంతా వస్తుంది, ఇచ్చినవాళ్ళకి ఏమీ మిగలదు.

పదకొండు వారాల కిందట విశాలాక్షి కాలేయం పూర్తిగా పాడైంది. పది రోజులు కూడా కష్టమన్నారు. పుట్టి వారం కాని పిల్లల గుండెలు కోసి కుట్టగల చేతులు రాష్ట్రంలో ఆవిడవి తప్ప ఇంకెవరివీ లేవు. వీలునామా రాస్తే లాభం లేదు. ప్రాణం పోయిన మెదడులో వారధికి చదవడానికి ఏమీ ఉండదు. అందుకని ఆవిడ తన దగ్గర పదేళ్ళుగా సహాయక డాక్టరుగా ఉన్న వాగ్దేవిని పిలిపించి, "నాతో పాటు ఇది కాలిపోవడం నాకిష్టం లేదు, నువ్వు తీసుకో," అన్నారు. మరణాసన్న దానం అని కాగితం మీద సంతకం పెట్టారు. ఆ తర్వాత ఈ పదకొండు వారాల్లో వాగ్దేవి నలభై మంది పసిపిల్లలకి ఆపరేషన్లు చేసింది. వాళ్ళలో ముప్పై ఎనిమిది మంది తల్లుల ఒళ్ళోకి చేరారు.

విశాలాక్షి అన్ని వారాలు కొనఊపిరితో నిలుస్తారని, ఎక్కడో రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక మనిషి కాలేయం ఆవిడకి సరిపోతుందని ఎవరూ అనుకోలేదు.

* * *

నోటీసు తొమ్మిదో రోజున వచ్చింది. దాన పన్ను కార్యాలయంలో అధికారి పేరు కూర్మారావు. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటాయి. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి, ముందు టీ తెప్పించాడు.

"నేనూ పేపర్లో చూశానమ్మా, మేడమ్‌గారు కోలుకున్నారని. సంతోషించాను. సాయంత్రానికి ఫైలు నా బల్ల మీదకే వచ్చింది."

"పన్ను మాకు ఎందుకు పడుతుందండీ? మినహాయింపు ఉందని అప్పుడు మీరే రాసిచ్చారు కదా," అంది వాగ్దేవి.

"రాసిచ్చాను. తల్లీతండ్రీ ఇస్తే పన్ను లేదు. తోబుట్టువులిస్తే లేదు. మొగుడూపెళ్ళాలు ఇచ్చుకుంటే లేదు. పెళ్ళినాడు ఇచ్చిన కానుకకి లేదు. చనిపోబోయేవాళ్ళు చివరిగా ఇచ్చి పోతే లేదు. మేడమ్‌గారు మీకు ఏమవుతారు?"

"గురువు."

"ఆ పట్టీలో గురువు లేరమ్మా. చనిపోబోతున్నారు కనక అప్పట్లో వదిలేశాం. ఆవిడ బతికారు, ఆ మినహాయింపు పోయింది. ఇప్పుడది బయటివాళ్ళు ఇచ్చిన దానం కిందే లెక్క. పుచ్చుకున్నవాళ్ళే పన్ను కట్టాలి. పదింట మూడు వంతులు."

"ఇప్పుడు ఆవిడ నన్ను దత్తత తీసుకుంటే?"

"దానం జరిగిన రోజుకి ఉండాలి ఆ సంబంధం. చాలామంది అడిగారు." కూర్మారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకో దారుంది. దానం వెనక్కి ఇచ్చెయ్యండి. దాత కోలుకుంటే తిరిగి తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది. ముప్పై రోజులు టైముంది మీకు."

త్రినాథ్ టీ ముట్టుకోలేదు. ఆ పన్ను ఎలా వసూలు చెయ్యాలో ఆరేళ్ళ కిందట ప్రభుత్వానికి చెప్పినవాడు తనే.

వారధి వచ్చిన కొత్తలో డబ్బున్నవాళ్ళు పేదవాళ్ళ నేర్పులు కొనుక్కున్నారు. అమ్మకం నిషేధిస్తే దానం అని రాయించుకున్నారు. చీరాలలో ఒక నేతగాడు కొడుకు కాలేజీ సీటు కోసం తన నేర్పంతా ఒక వ్యాపారి కూతురికి 'దానం' చేసి, మర్నాడు పోగు ముడి వెయ్యడం రాక మగ్గం ముందు కూర్చుని ఏడ్చాడు. రూపాయల్లో పన్ను వేస్తే వాళ్ళు నవ్వుతూ కట్టేశారు. అప్పుడు త్రినాథ్ కమిటీ ముందు నిలబడి అన్నాడు: "డబ్బుకి వాళ్ళు భయపడరు. దేన్ని పుచ్చుకున్నారో దానితోనే కట్టించండి."

అలా ఆ చట్టం వచ్చింది. కొత్తగా వచ్చిన నేర్పుని ముక్క కొయ్యడం కుదరదు, మిగిలింది ఎందుకూ పనికిరాదు. అందుకని పుచ్చుకున్నవాళ్ళ సొంత జ్ఞాపకాల్లోంచి ఆ పన్నుకి సరిపడేంత బరువు తీసుకుంటారు. చిన్నచిన్న ముక్కలుగా చాలా చోట్ల తీస్తే మూర్ఛలు వస్తాయి. అన్నిటికంటే బరువైనది చూసి ఒకే కోతలో తియ్యాలి. అది కూడా త్రినాథ్ రాసిన నియమమే. తీసిన జ్ఞాపకాలు ప్రభుత్వ నిధిలో పడి ఉంటాయి. వాటితో ఏం చెయ్యాలో ఇంకా ఎవరికీ తెలియదు.

మొదటిసారి ఆ పన్ను కట్టింది ఒక కాంట్రాక్టరు కొడుకు. ఎవరో స్థపతి శిల్పవిద్య పుచ్చుకున్నాడు. కోత అయ్యాక బయట తల్లి టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఆ కుర్రాడు మర్యాదగా పక్కకి తప్పుకుని, "ఎవరి కోసం వచ్చారండీ?" అని అడిగాడు. త్రినాథ్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత జనం దానాలు పుచ్చుకోవడమే మానేశారు. చట్టం బాగా పనిచేస్తోందని అందరూ మెచ్చుకున్నారు.

* * *

ఆసుపత్రి గదిలో విశాలాక్షి మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఒక గుడ్డముక్క, సూది, దారం. కుట్టు వెయ్యడానికి చూస్తున్నారు. సూది ఎటునుంచి దిగాలో ఆవిడకి తెలియలేదు.

"వెనక్కి తీసుకోండి మేడమ్," అంది వాగ్దేవి. "మీదే అది."

"అడిగాను. మత్తు మందు ఇస్తే ఈ కాలేయం తట్టుకోదన్నారు. రెండేళ్ళ దాకా వారధి దగ్గరికి కూడా తీసుకెళ్ళొద్దన్నారు." ఆవిడ చెయ్యి పైకెత్తి చూపించారు. వేళ్ళు వణుకుతున్నాయి. "తీసుకున్నా ఈ చేతుల్తో ఏ పిల్లని ముట్టుకోను? వచ్చేవారం లిస్టులో ఎంతమంది ఉన్నారు?"

"పధ్నాలుగు మంది."

విశాలాక్షి సూదీ దారం పక్కన పెట్టేశారు. "నీ మీద ఇంత వచ్చి పడుతుందని తెలిస్తే, ఆ కాలేయం వద్దని చెప్పేదాన్నే వాగ్దేవీ."

"అలా అనకండి మేడమ్," అంది వాగ్దేవి. తలుపు దగ్గర నిలబడిన త్రినాథ్‌కి విశాలాక్షి ముఖంలోకి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. ఒక్క క్షణం, ఆవిడ కాలేయం వద్దనేదాన్ని అన్నప్పుడు, అతనిలో ఎక్కడో 'అవును' అనిపించింది.

* * *

మర్నాడు పొద్దున్న ప్రయోగశాలలో వాగ్దేవిని కుర్చీలో కూర్చోబెట్టి త్రినాథ్ తూకం వేశాడు. తూకం వేస్తే ఏదీ తెగదు. ఎక్కడ కొయ్యాల్సి వస్తుందో మాత్రం తెలుస్తుంది. తెర మీద బొమ్మ మెల్లగా తేటపడింది. మధ్యలో ఒకచోట దారులన్నీ ముడిపడి దట్టంగా ఉన్నాయి. అతను దాని తేదీలు చూశాడు. ఏడేళ్ళ కిందట మొదలై నిన్నటి దాకా ఉంది.

"ఏది?" అని అడిగింది వాగ్దేవి.

అతను తెరని ఇంకోవైపు తిప్పబోయాడు.

"నేను డాక్టర్ని త్రినాథ్. రోజూ తల్లులకి చెప్తాను. చెప్పు, ఏది?"

"మల్లిక."

వాగ్దేవి తలకి పెట్టిన తీగలు తనే తీసేసుకుంది. "మొత్తమా?"

"మొత్తం. కడుపుతో ఉన్నప్పటి నుంచి."

"అది వచ్చి అమ్మా అంటే?"

"ఎవరి పాపో అనుకుంటావు. జాలిపడతావేమో."

ఆమె లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. ఆపరేషన్‌కి ముందు కడుక్కున్నట్టు మోచేతుల దాకా, చాలాసేపు కడుక్కుంది. "పిల్లకి చెప్పకు," అంది.

ఆ వారం ఇంట్లో అన్నీ మామూలుగానే జరిగాయి. వాగ్దేవి ఒక లాంగ్ నోట్‌బుక్ కొనుక్కొచ్చింది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ మధ్యలో ఆగి అందులో ఏదో రాసుకునేది. శుక్రవారం పొద్దున్న బడికి తయారై ఇడ్లీ తింటూ మల్లిక ఆ నోట్‌బుక్ తెరిచి కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"మల్లికకి ఎడమ చెవిలో నొప్పి వస్తుంది, చలిగాలి తగలనివ్వకూడదు. అబద్ధం చెప్పేటప్పుడు జడ నోట్లో పెట్టుకుంటుంది. జీడిపప్పు పడదు. నిద్రపోయే ముందు వీపు మీద వేలితో అక్షరాలు రాయాలి, అది చెప్పాలి ఏ అక్షరమో." పిల్ల తలెత్తి నవ్వింది. "ఇవన్నీ నీకు తెలుసు కదమ్మా. ఎందుకు రాసుకుంటున్నావు?"

వాగ్దేవి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. "ఊరికే రాసుకున్నాలే. నువ్వు తిను, ఆటో వచ్చేస్తుంది."

త్రినాథ్ పిల్లని ఆటో ఎక్కించి, తిరిగి ఇంట్లోకి రాకుండా అటే ప్రయోగశాలకి వెళ్ళాడు.

మొగుడూపెళ్ళాలు ఇచ్చుకుంటే పన్ను లేదు. కూర్మారావు చెప్పిన ఆ మాట అప్పట్నించీ అతని తలలో తిరుగుతూనే ఉంది. తన జ్ఞాపకం భార్యకి దానం చేస్తే, దానితో ఆమె పన్ను కట్టొచ్చు. అధికారికి ఫోన్ చేశాడు. అవతల కాగితాలు తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

"కుదురుతుంది సార్," అన్నాడు కూర్మారావు చివరికి. "ఇంతకుముందు ఎవరూ అడగలేదు. ఆమె తలలోకి ఎక్కించక్కర్లేదు కూడా. కాగితం మీద దానం ఉంటే నేరుగా జమ చేసుకుంటాం. బరువు ఎక్కువైతే మిగిలింది తిరిగివ్వడం ఉండదు. కానీ ఆమె ఒప్పుకోవాలి. పుచ్చుకునేవాళ్ళు ఒప్పుకోకపోతే దానం చెల్లదు."

త్రినాథ్ కుర్చీలో కూర్చుని, తలకి తీగలు తగిలించుకుని, తన తూకం తనే వేసుకున్నాడు. తెర వైపు చూడ్డానికి భయం వేసింది. మల్లికే వస్తే ఏం చెయ్యాలి? తండ్రి మరిచిపోవడం తల్లి మరిచిపోవడం కంటే తక్కువా? కళ్ళు తెరిచి చూశాడు.

మల్లిక కాదు. వాగ్దేవి కూడా కాదు. వారధి. పధ్నాలుగేళ్ళ పని, ప్రతి లెక్క, ప్రతి పొరపాటు. కూతురి కంటే రెండింతల బరువు.

ముందు గుండె తేలికపడింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత అంచున ఒక సన్నటి దారి కనపడింది. వారధి మొదటి పరీక్షకి నేనొస్తానని పేరు రాసిచ్చిన హౌస్ సర్జన్ వాగ్దేవే. అప్పట్నించి పెళ్ళిదాకా రెండేళ్ళు వాళ్ళు కలుసుకున్నది ఈ గదిలోనే. యంత్రాన్ని తీస్తే ఆ రెండేళ్ళూ దానితో పాటే ఊడివస్తాయి. పెళ్ళి ఉంటుంది, పెళ్ళికి ముందుది ఏదీ ఉండదు. విడదీయడానికి మధ్యాహ్నం దాకా ప్రయత్నించాడు. కుదరలేదు.

* * *

"వద్దు," అంది వాగ్దేవి. "నీ జీవితమంతా అదే కదా."

"జీవితమంతా అదే అయినందుకే ఇప్పుడు పనికొస్తోంది."

"మా ఇద్దరికంటే అదే బరువుందా నీ దగ్గర?"

"ఉంది."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం కోసం అతను ఎదురుచూశాడు, రాలేదు. "ఇంకేమైనా పోతుందా దానితో?"

"కొన్ని లెక్కలు పోతాయి. అంతే."

"రేపట్నించి ఏం చేస్తావు మరి?"

"తెలియదు. నాకూ భయంగానే ఉంది వాగ్దేవీ. కానీ నువ్వు మల్లికని చూసి ఎవరి పాప అని అడిగే ఇంట్లో నేను ఉండలేను. ఒప్పుకో."

ఆమె చాలాసేపు ఏడ్చి, అంగీకార పత్రం మీద సంతకం పెట్టింది.

బుధవారం పదకొండు గంటలకి వసూలు. ప్రయోగశాలలో ఇద్దరు టెక్నీషియన్లు, కూర్మారావు, వాగ్దేవి ఉన్నారు. త్రినాథ్ కుర్చీలో కూర్చుంటూ ఎడమ వైపు మీట కొంచెం బిగుసుకుందని, నూనె వెయ్యమని టెక్నీషియన్‌కి చెప్పాడు. వారధి గురించి అతను మాట్లాడిన చివరి మాట అది.

నలభై నిమిషాల తర్వాత కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, తల మీద వంగి ఉన్న ఇనుప చట్రాన్ని చూడగానే వెనక్కి జరిగాడు. "ఏంటిది? తియ్యండి, ముందు దీన్ని తియ్యండి!" అని అరిచాడు. టెక్నీషియన్ దాన్ని పక్కకి లాగాడు.

"త్రినాథ్, నేనెవరు?" అంది వాగ్దేవి.

"వాగ్దేవివి." ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "మల్లిక బడి నుంచి వచ్చేసిందా?"

ఆమె మంచినీళ్ళు తాగించింది. ఊపిరి తీసుకుని, నవ్వడానికి ప్రయత్నిస్తూ, "ఈ గదిలోనే కదా నన్ను మొదటిసారి చూశావు. ఈ కుర్చీలోనే కూర్చోబెట్టావు. ఏమన్నావో గుర్తుందా?" అంది.

అతను గది నాలుగు మూలలూ చూశాడు. ఆమె ముఖం చూశాడు. ఏదో పరీక్షలో తప్పుతున్నవాడిలా అయిపోయాడు. "మన పెళ్ళి సింహాచలంలో అయింది," అన్నాడు. "అంతకుముందు... అంతకుముందు నువ్వెక్కడ ఉన్నావు?"

వాగ్దేవి చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "నీకు ముందే తెలుసా ఇది? తెలిసే నాతో అబద్ధం చెప్పావా?"

తెలుసో తెలియదో త్రినాథ్‌కి తెలియడం లేదు. ఆ తూకం, ఆ సన్నటి దారి, ఆ మధ్యాహ్నం అన్నీ వారధితో పాటే నిధికి వెళ్ళిపోయాయి. "ఏమో," అన్నాడు. "నేను నీతో అబద్ధం చెప్తానా?"

కూర్మారావు ఫైలు తెరిచి, త్రినాథ్ విడిగా రాసిచ్చిన దాన పత్రం తీసి ఆమె చేతికిచ్చాడు. కింద, నష్టాల వివరం అన్నచోట, త్రినాథ్ చేతిరాతలో ఒక వాక్యం ఉంది. 'నా భార్యతో పరిచయమైన మొదటి రెండేళ్ళు కూడా ఇందులో పోతాయని తెలిసే ఇస్తున్నాను. సంతకం పెట్టేదాకా ఆమెకి చెప్పవద్దు.'

"నేను చెప్పి ఉండాల్సింది తల్లీ," అన్నాడు కూర్మారావు. "ఎందుకో నోరు రాలేదు."

* * *

మర్నాడు పొద్దున్న త్రినాథ్‌ని ఇంట్లో ఒంటరిగా వదలడానికి వాగ్దేవికి మనసొప్పలేదు. ఆసుపత్రికి తీసుకొచ్చి థియేటర్ బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. అదే బెంచీ మీద మందస నుంచి వచ్చిన ఒక పాతికేళ్ళ తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నాలుగు రోజుల పిల్ల లోపల ఉంది.

"మీ ఇంటావిడేనా బాబూ డాక్టరమ్మ?" అంది ఆ తల్లి. "ఆ తల్లి సేతులు మంచివేనా? మా గుంట గుండి ఉసిరికాయంతే ఉంటాదంట."

ఆ చేతుల్లోకి ఆ నేర్పు ఎలా వచ్చిందో త్రినాథ్‌కి నిన్న సాయంత్రం కథలా చెప్పారు. అతను నమ్మాడు. నమ్మడం తప్ప ఇంకేం చెయ్యగలడు? "మంచివేనమ్మా," అన్నాడు.

"నాకు బయమేస్తంది బాబూ."

"నాకూ వేస్తోందమ్మా."

ఆమె అతన్ని వింతగా చూసి, కొంచెం దగ్గరగా జరిగి కూర్చుంది. మూడు గంటలు ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

తలుపు తెరుచుకుంది. వాగ్దేవి మాస్కు కిందికి లాగి, నేరుగా ఆ తల్లి ముందు వంగి, "బాగుందమ్మా నీ పాప. ఇంకో గంటలో చూద్దువుగాని," అంది. ఆ తల్లి ఆమె పాదాల మీద పడబోతే ఆపి, నర్సుకి అప్పగించింది.

తర్వాత వచ్చి భర్త పక్కన కూర్చుంది. లోపల మూడు గంటలు ఒక్కసారి కూడా తొణకని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. త్రినాథ్ వాటిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీకు చెప్పనా మరి?" అంది ఆమె.

"చెప్పు. నెమ్మదిగా చెప్పు."

"అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది, ప్రయోగానికి మనుషులు కావాలని. ఎవరూ పేరు రాయలేదు. అందరికీ భయం. నాకూ భయమే..."